మార్తమ్మత్తకి వినబడని గుండె

నా పదో ఏట నేను చోడవరం చక్కెర ఫ్యాక్టరీని ఆపేశాను. ఈ సంగతి చాలామందికి చెప్పాను. బస్సు కండక్టరుగా పనిచేసిన కాలంలో అనకాపల్లి నుంచి మాడుగుల దాకా టిక్కెట్టు కొన్నవాళ్ళలో ఈ కథ వినకుండా దిగినవాళ్ళు తక్కువ. చెరుకు ఆడే రోజుల్లో నేను దారి మధ్యన నిలబడి చెయ్యెత్తితే బారులు తీరిన బళ్ళన్నీ ఎక్కడివక్కడ ఆగిపోయాయని, బళ్ళు ఆగితే చెరుకు ఆగినట్టు, చెరుకు ఆగితే ఫ్యాక్టరీ ఆగినట్టే కదా అని చెప్పేవాణ్ణి. ఇప్పుడు కాగితం మీద పెడుతున్నాను కాబట్టి ఉన్నదున్నట్టు రాయాలి. ఫ్యాక్టరీ ఆగలేదు. ఆగింది ఒకే ఒక్క బండి. దాన్ని తోలుతున్న అప్పన్న మావయ్య మా నాన్నకి స్నేహితుడు. చుట్ట ముట్టించుకోవడానికి మా గుమ్మం ముందు ఎలాగూ ఆపేవాడే. అయినా చెయ్యెత్తింది మాత్రం నేనే. ఎందుకెత్తానన్నది ఇన్నేళ్ళూ ఎవరికీ సరిగ్గా చెప్పలేదు. ఈమధ్య మా మనవరాలితో ఒక స్కానింగు సెంటరు బల్ల మీద కూర్చున్నప్పుడు అదంతా ఒక్కసారిగా కళ్ళముందుకొచ్చింది.

మనవరాలంటే మా అబ్బాయి కూతురు కెజియా. పెళ్ళయ్యాక విశాఖపట్నంలో ఉంటోంది. ఎనిమిదో నెల వచ్చాక పురిటికని మా ఇంటికి వచ్చింది. ఆ రోజు పొద్దున్నే కొడుకూ కోడలూ ఎవరిదో పెళ్ళి ప్రార్థనకని అనకాపల్లి బస్సెక్కారు. నేను వీధి అరుగు మీద పేపరు చదువుకుంటున్నాను. కెజియా వచ్చి నా పక్కన కూర్చుంది. కాసేపు ఏమీ మాట్లాడలేదు. మా ఇంట్లో ఎవరైనా మాట్లాడకుండా కూర్చుంటే నాకు భయం. అది మా వంశంలో లేదు.

"తాతా, నిన్న సాయంత్రం నుంచీ లోపల కదలట్లేదు," అంది.

"పడుకున్నాడేమోనమ్మా."

"ఇంతసేపా? చల్లనీళ్ళు తాగేను. బెల్లం ముక్క తిన్నాను. ఎడం పక్కకి తిరిగి పడుకున్నాను. ఏటీ లేదు."

చూపించుకుంటున్న డాక్టరుకి ఫోను చేస్తే, ఒక్క గంట కూడా ఆగొద్దు, దగ్గర్లో ఉన్న సెంటరుకి వెళ్ళి స్కాను తీయించి వెంటనే నాకు చెప్పండి అందామె. నేను చొక్కా తొడుక్కుని రోడ్డు మీదికి పరిగెత్తాను. పరిగెత్తడమంటే ఈ వయసులో ఎంత పరుగో మీరే ఊహించుకోండి. ఎదురొచ్చిన ఆటోని ఆపి, "తొందరగా పోనీ బాబూ, డీఎస్పీ గారి మనవరాలు," అన్నాను. ఆటో కుర్రాడు నా మొహం వైపు చూసి, "డీఎస్పీ ఎప్పుడయ్యేరు తాతగారూ? నిన్నటిదాకా కండక్టరే కదా," అన్నాడు. ఆ కంగారులోనూ కెజియా నవ్వింది. నవ్వుతూనే రెండు చేతులూ పొట్ట మీద వేసుకుని కళ్ళు మూసుకుంది. గోతులు తప్పించుకుంటూ ఆ కుర్రాడు పెళ్ళివారి బండిలా నెమ్మదిగా తోలాడు.

స్కానింగు సెంటరు ఎరువుల కొట్టు పైన మేడ మీద ఉంది. మెట్లెక్కగానే గోడ మీద పెద్ద బోర్డు, పుట్టబోయేది ఆడో మగో ఇక్కడ చెప్పబడదు, చెప్పడం చట్టరీత్యా నేరం అని. లోపల ఉన్న అమ్మాయి మా మాట విని, "డాక్టరమ్మ దార్లో ఉన్నారు. రాగానే ముందు మిమ్మల్నే పంపుతాను," అంది. బల్ల మీద మాకంటే ముందొచ్చిన చీడికాడ రైతు ఒకాయన కూర్చున్నాడు. నడుం ఒక పక్కకి వంచి, చేత్తో ఆ పక్కని గట్టిగా పట్టుకుని, సీసాలో నీళ్ళు గుక్కగుక్కగా తాగుతున్నాడు.

"కిడ్నీలో రాయంటన్నారు బాబూ. నీల్లు బాగా తాగీసి, ఆపుకొని రమ్మన్నారు. తాగడం బాగానే ఉంది గానీ ఆపుకోడమే నా వల్ల కావడం నేదు," అన్నాడు. తర్వాత కెజియా వైపు చూసి గొంతు తగ్గించి, "గుంటడో గుంటో సెప్తారేటి ఈళ్ళు?" అని అడిగాడు.

నేను వేలు పెట్టి బోర్డు చూపించాను. అప్పుడు కెజియా, "ఎవరైనా పర్లేదు బాబాయ్. ఉంటే చాలు," అంది.

ఆ రైతు సీసా మూత పెట్టేశాడు. అదిగో, అప్పుడే నేను బల్ల మీంచి లేచి అరవై ఏళ్ళ వెనక్కి, చోడవరం చివర చెరుకు తోటల్లోకి దారి మొదలయ్యే చోట ఉన్న మా పెంకుటింటికి వెళ్ళిపోయాను.

ఆ ఇంటికి మూడు వాసనలుండేవి. చలికాలం వస్తే ఊరి గాలంతా తీపెక్కేది. బెల్లం పెనాల కింద మండుతున్న చెరుకు పిప్పి పొగ, పైన పొంగుతున్న పాకం, ఫ్యాక్టరీ వైపు నుంచి పులిసిన మొలాసిస్. ఇవన్నీ కలిసి ఒక వాసన. రెండోది మా నాయనమ్మ చుట్ట వాసన. నిప్పున్న కొసని నోట్లో పెట్టుకుని అడ్డపొగ తాగేది ఆవిడ. మాట్లాడుతున్నా, వండుతున్నా, నన్ను తిడుతున్నా ఆ చుట్ట కదిలేది కాదు. ప్రార్థనకి మోకాళ్ళ మీద కూర్చున్నప్పుడు మాత్రం తీసి గూట్లో పెట్టేది. ఆమెన్ అన్న మరుక్షణం మళ్ళీ నోట్లోకి. ఆవిడ ప్రార్థనలు అంత పొట్టిగా ఉండడానికి కారణం భక్తి తక్కువై కాదు, చుట్ట ఆరిపోతుందని. మూడో వాసన కార్బాలిక్ సబ్బుది. అది మా మార్తమ్మత్త.

మార్తమ్మత్త మా నాన్నకి అక్క. మిషను ఆసుపత్రిలో దొరసానుల దగ్గర నర్సు పని నేర్చుకుంది. భర్త పోయాక మా ఇంటికి వచ్చి మాతోనే ఉండిపోయింది. తెల్లచీర, బిగించి కట్టిన ముడి, మోచేతుల దాకా రుద్ది కడుక్కున్న చేతులు. మా చుట్టుపక్కల పురుళ్ళన్నీ ఆవిడ చేతి మీదే జరిగేవి. ఆవిడ ట్రంకుపెట్టెలో, ఉతికిన గుడ్డలో చుట్టి, కడుపులో బిడ్డ గుండె చప్పుడు వినే ఒక చెక్క బాకా ఉండేది. జానెడు పొడవు, గరాటులా ఒక పక్క వెడల్పు, ఇంకో పక్క చెవికి ఆనించుకోవడానికి బిళ్ళలా చదును. అది ఏనుగుదంతంతో చేసిందని, లండను నుంచి ఓడలో వచ్చిందని నా తోటి పిల్లలకి చెప్పేవాణ్ణి. దంతం కాదు. కనీసం టేకు కూడా కాదు. ఎక్కడిదో ఇప్పటికీ తెలియదు.

అత్త బాకా పెట్టే పద్ధతి చూడాలి. ముందు రెండు చేతులతో పొట్టని తడిమి, బిడ్డ వీపు ఎటుందో పోల్చుకునేది. అక్కడ వెడల్పు పక్క ఆనించి, మోకాళ్ళ మీద వంగి, చదును పక్క మీద చెవి పెట్టేది. పెట్టాక బాకాని వదిలేసేది. చెవికీ పొట్టకీ మధ్యనే అది నిలబడాలి. వేలు తగిలితే వేలి చప్పుడే వినబడుతుందట. ఖాళీగా ఉన్న చేత్తో తల్లి మణికట్టు పట్టుకుని నాడి చూసేది, తల్లి గుండె చప్పుణ్ణే బిడ్డదనుకుని పొరబడకుండా. "ఎలాగుంటాదత్తా లోపల చప్పుడు?" అని అడిగితే, "తలగడ కింద చేతి గడియారం పెట్టి పడుకున్నట్టుంటాది. టిక్కుటిక్కుమని బేగబేగ," అనేది.

అంత చిన్న చప్పుడు వినాలంటే బయట చప్పుడు ఉండకూడదు. అందుకని మా ఇంట్లో ఒక కట్టుబాటు ఏర్పడింది. కడుపుతో ఉన్నవాళ్ళు చూపించుకోవడానికి మా ఇంటికి వచ్చినప్పుడు, అత్త ట్రంకుపెట్టె మూత తీసిందంటే అంతా ఆగిపోవాలి. పెరట్లో నాయనమ్మ రోకలి పక్కన పెట్టేది. నాన్న కత్తి నూరడం ఆపేవాడు. కుక్కని తీసుకెళ్ళి చెరుకు తోటలో కట్టేసేవాళ్ళు. నా పని వీధిలో. ఎడ్ల మెడల్లో గంటలు మోగించుకుంటూ ఫ్యాక్టరీకి పోయే బళ్ళని చెయ్యెత్తి ఆపాలి. ఆపగలిగిన రోజులు తక్కువ. బళ్ళవాళ్ళు "పోరా గుంటడా" అని నా మీద నుంచే తోలుకుపోయేవాళ్ళు. లోపల అత్త విని, లేచి, చీర కుచ్చెళ్ళు దులుపుకుని, "ఆఁ, దంచుకోండి," అని పెరట్లోకి కేకేసేది. ఆ మాటతో రోకలి మళ్ళీ లేచేది. మా ఇంట్లో బిడ్డ క్షేమంగా ఉందని చెప్పే మాట అదే. అంతకంటే ఎవరూ ఏమీ అడిగేవాళ్ళు కాదు.

మా అమ్మకి అప్పుడు నెలలు నిండుతున్నాయి. ఒక పొద్దున, చోడి అంబలి గిన్నె ముందు కూర్చుని, తినకుండా అమ్మ అంది, "వదినా, ఇది తన్నడం నేదు." అత్త చెయ్యి కడుక్కుంది. ట్రంకుపెట్టె మూత తెరిచింది. రోకలి ఆగింది. నేను వీధిలోకి పరిగెత్తాను. అప్పన్న మావయ్య బండి వచ్చింది, చెయ్యెత్తాను, ఆగింది. ఎడ్లు తల విదిలిస్తే గంటలు మోగుతాయని మావయ్య దిగి వాటి మూపుల మీద చేతులు వేసి నిలబడ్డాడు. చుట్ట ముట్టించలేదు. అగ్గిపుల్ల గీసిన చప్పుడు కూడా వద్దనుకున్నాడో ఏమో.

ఎప్పుడూ పట్టేదానికంటే చాలాసేపు పట్టింది. కిటికీలోంచి చూశాను. అత్త ఎడమ పక్క పెట్టింది, కుడి పక్క పెట్టింది, బొడ్డు కింద పెట్టింది, పైన పెట్టింది. కళ్ళు మూసుకుంది. తెరిచి మళ్ళీ మొదటి చోట పెట్టింది. అమ్మ ఇంటి కప్పు వైపు చూస్తోంది. "ఒరే, అయిందేటిరా?" అని అప్పన్న మావయ్య గుసగుసగా అడిగాడు. నేను చెయ్యి దించలేదు.

చివరికి అత్త లేచింది. బాకాని గుడ్డలో చుట్టింది. పెరట్లోకి వెళ్ళింది గానీ కేకెయ్యలేదు. రోలు దగ్గరికి వెళ్ళి నాయనమ్మ చెవిలో ఏదో చెప్పింది. నాయనమ్మ నోట్లోంచి చుట్ట తీసి నేల మీద పెట్టింది. ప్రార్థన లేకుండా ఆవిడ చుట్ట తీయడం నేనెప్పుడూ చూడలేదు. అత్త చెప్పిన మాట నాకు వినబడింది. "ఇనబడ్నేదమ్మా. నాకు ఏటీ ఇనబడ్నేదు."

అమ్మకి ఎవరూ చెప్పలేదు. చెప్పక్కర్లేకపోయింది. 'దంచుకోండి' అన్న కేక రాలేదు కదా. ఆ మాట అనడం అత్త మరిచిపోయిందో, అనలేకపోయిందో. అనలేదు గనక ఎవరూ రోకలి ముట్టుకోలేదు. ఆ రోజూ, మర్నాడూ, ఆ తర్వాతా కూడా. వడ్లు అలాగే ఉన్నాయి, మేము అంబలి తాగాం. నాన్న కత్తి నూరలేదు. కుక్క తోటలోనే ఉండిపోయింది. వీధిలో బళ్ళవాళ్ళకి ఎవరు చెప్పారో గాని, మా ఇంటి ముందుకొచ్చేసరికి దిగి, ఎడ్ల గంటలు చేత్తో పట్టుకుని నడిపించుకుపోయేవాళ్ళు. ఊరంతా అలా చేసిందని నేను చెబుతుంటాను. ఊరంతా కాదు, ఇద్దరో ముగ్గురో. అమ్మ మాత్రం గోడ వైపు తిరిగి పడుకుని, పొట్ట మీద చెయ్యి వేసుకుని ఉండేది. ఆ చెయ్యి తీయడం నేను చూడలేదు. లోపల ఏముందో, ఎలా ఉందో, ఆసుపత్రికి తీసుకెళ్ళినా చూసి చెప్పగలిగినవాళ్ళు ఆ రోజుల్లో ఎవరూ లేరు. అక్కడా ఉన్నది ఇలాంటి బాకాయే. కాన్పు వచ్చేదాకా ఎదురుచూడడం, అంతే.

కాన్పు వచ్చింది. ఒక మధ్యాహ్నం, ఎండ పెరట్లో తెల్లగా కాస్తుండగా, ఆ నిశ్శబ్దం మధ్యలోంచి ఒక ఏడుపు లేచింది. పిల్ల ఏడుపు. ఎంత గట్టిగా అంటే, అనకాపల్లిలో వినబడిందని చెప్పను గానీ, తోటలో కట్టేసిన కుక్క మొరిగింది, అది మాత్రం నిజం. నాయనమ్మ "ఒలమ్మో, ఒలమ్మో" అంటూ పరిగెత్తుకెళ్ళి రోకలి అందుకుని రోట్లో వడ్లు పోయకుండానే దంచడం మొదలుపెట్టింది. ఆ పిల్లే మా చెల్లెలు రూతమ్మ. ఇప్పుడు వడ్డాదిలో ఉంటుంది. ఆ రోజు మొదలుపెట్టిన నోరు ఇంతవరకూ మూయలేదు.

అందరం సంబరపడ్డాం, అత్త తప్ప. అత్త కూడా పిల్లని ఎత్తుకుంది, ముద్దాడింది, దేవుడికి వందనాలు చెప్పింది. కానీ ఆ తర్వాత బాకా తీయలేదు. ఎవరైనా పురుడుకి పిలవడానికొస్తే, "నా సెవి పోయిందమ్మా, ఆసుపత్రికి తీసుకెల్లండి. బతికున్న బిడ్డని నేదన్నాను. రేపు నేని బిడ్డని ఉందనీగలను," అనేది. దెబ్బలకి కట్లు కట్టింది, జ్వరాలకి మందులిచ్చింది, పురుళ్ళు మాత్రం మానేసింది. చెవి ఏమీ పోలేదు. నేను పెరట్లో జామకాయ కోస్తే వంటింట్లోంచి ఆవిడకి తెలిసిపోయేది. ఆ మాటే నాన్న ఎన్నోసార్లు అన్నాడు. ఆవిడ నమ్మలేదు. అలాగే ముసలిదయి, అలాగే పోయింది.

"కెజియా ఎవరండీ?" అన్న కేకతో నేను మళ్ళీ బల్ల మీదికొచ్చి పడ్డాను. డాక్టరమ్మ వచ్చేసింది. చిన్నపిల్ల, విజయనగరం వైపు మాట. కెజియా నా చెయ్యి వదల్లేదు, "తాత కూడా వస్తారండీ," అంది. రండి, తల వైపు నిలబడండి అందామె. చీకటి గది, చల్లగా ఉంది. కెజియా పొట్ట మీద ఏదో జిగురు రాసి, అరచేతిలో ఇమిడే ఒక పరికరాన్ని ఆనించింది డాక్టరమ్మ. పైన ఫ్యాను గరగరమంటోంది. బయట ఆ అమ్మాయి ఫోను మోగుతోంది. కింద ఎరువుల కొట్టు దగ్గర ఎవరో లారీ నుంచి బస్తాలు దింపుతున్నారు, దభీ దభీమని.

నాకేమైందో నాకే తెలియదు. చెయ్యి పైకి లేచిపోయింది. "ఆ ఫ్యాను ఆపండమ్మా! ఆ ఫోను ఎవరిదో కట్టెయ్యమనండి! కింద ఆ లారీ వాణ్ణి ఆపండి!" అని అరిచాను.

డాక్టరమ్మ ఉలిక్కిపడి చూసింది. "ఎందుకు తాతగారూ?"

"వినబడాలి కదమ్మా నీకు!"

"నాకు వినబడక్కర్లేదండి. మిషను వింటుంది. దానికి ఫ్యాను అడ్డం రాదు," అంటూనే ఆమె చెయ్యి ఆగింది. తెరని నా వైపు కొంచెం తిప్పింది. "ఇదిగో. చూడండి."

నల్లగా, బూడిదరంగుగా, వాన పడుతున్న కిటికీలా ఉంది తెర. నడుమ ఒక చోట చంటిపిల్ల పిడికిలంత ఆకారం. అది అదురుతోంది. ఆగకుండా, ఎవరి కోసమూ ఆగకుండా, టపటపటపమని అదురుతోంది. ఆమె ఏదో మీట నొక్కింది. గది నిండా చప్పుడు వచ్చింది, ఎవరో హడావిడిగా కుట్టుమిషను తొక్కుతున్నట్టు.

"గుండె. బాగుంది," అంది డాక్టరమ్మ.

కెజియా ఏడవడం మొదలుపెట్టింది. నేను ఏడవలేదని ఇంట్లో చెప్పాను. ఇక్కడ ఇంకేం దాచను, ఆ పిల్ల కంటే ముందు నేనే మొదలుపెట్టాను. పొట్ట కుదుపుకి తెర మీద బొమ్మంతా గంతులేసింది. "నవ్వకండి, ఏడవకండి, కాసేపు కదలకుండా ఉండండి. ఇంకా కొలవాల్సినవి ఉన్నాయి," అని డాక్టరమ్మ నవ్వుతూ కసిరింది. తల కొలిచింది, తొడ ఎముక కొలిచింది, ఉమ్మనీరు సరిపడా ఉందో లేదో చూసింది. తెర మీద ఎర్రరంగూ నీలంరంగూ తెప్పించి, బొడ్డుతాడులో రక్తం ఎటు పారుతోందో, ఎంత జోరుగా పారుతోందో చూసింది. ఎర్రది మంచి రక్తం, నీలంది చెడ్డ రక్తం కాబోలనుకుని నేను గంభీరంగా తలాడించాను. కాదట. పరికరం వైపు వచ్చేది ఒక రంగు, దూరంగా పోయేది ఇంకో రంగు, అంతే.

ప్రాణం కుదుటపడ్డాక నాకు నోరు లేచింది. "ఈ స్కాను శబ్దంతో చూస్తుందంటారు. మరి నాకు ఇందాకటిదాకా ఏ శబ్దమూ వినబడలేదేమమ్మా? నాకు చెవుడా?" అన్నాను.

"మీకే కాదు, నాకూ వినబడదు. మనిషి చెవికి అందనంత సన్నటి శబ్దం అది. కొండ దగ్గర నిలబడి కేకేశారా ఎప్పుడైనా?"

"చీడికాడ కొండల దగ్గర నేను కేకేస్తే మూడుసార్లు తిరిగొచ్చేది." ఒకసారే వచ్చేది, అదీ గాలి లేనప్పుడు. ఆమెకి అది చెప్పలేదు.

"ఇదీ అంతే. దీనిలోపల చిన్న చిన్న బిళ్ళలుంటాయి. కరెంటు తగిలితే వణికి శబ్దం పంపుతాయి. ఆ శబ్దం లోపలికెళ్ళి, చర్మం దాటి కండకి తగిలిన చోట కొంచెం, కండ దాటి నీళ్ళకి తగిలిన చోట కొంచెం, ఎముకకి తగిలితే బాగా, వెనక్కొస్తుంది. ఆ బిళ్ళలే దాన్ని వింటాయి. తొందరగా వచ్చిందంటే దగ్గర్లో ఉన్నట్టు, ఆలస్యమైతే లోతుగా ఉన్నట్టు. గట్టిగా వస్తే తెల్లగా, మెల్లగా వస్తే బూడిదగా, ఏమీ రాకపోతే నల్లగా మిషను బొమ్మ గీస్తుంది. క్షణానికి ఎన్నోసార్లు గీస్తుంది కాబట్టి కదులుతున్నట్టు కనిపిస్తుంది. నీళ్ళు నల్లగా ఉంటాయి, ఎముక తెల్లగా ఉంటుంది. అన్నట్టు, ఇది మాట్లాడేది చాలా కొంచెం, ఎక్కువసేపు వింటూ ఉంటుంది."

"మా తాతకి సరిగ్గా ఉల్టా," అంది కెజియా కళ్ళు తుడుచుకుంటూ.

"మరి ఈ జిగురెందుకు?"

"మధ్యలో గాలి ఉంటే శబ్దం లోపలికి పోదండి, అక్కడే తిరిగొచ్చేస్తుంది. గాలి లేకుండా చెయ్యడానికి ఇది. అందుకే గాలి నిండిన ఊపిరితిత్తుల లోపలి సంగతీ, ఎముక వెనకున్న సంగతీ దీనికి సరిగ్గా తెలియదు. ఎక్స్‌రేలాగ కిరణాలు కాదు కాబట్టి కడుపుతో ఉన్నవాళ్ళకి భయపడకుండా చూస్తాం."

అప్పుడు కెజియా అసలు మాట అడిగింది. "మరి బాగుంటే నాకు ఎందుకు తెలియట్లేదండీ కదలడం?"

డాక్టరమ్మ పరికరాన్ని కొంచెం పక్కకి జరిపి, తెర మీద పైభాగంలో మందంగా, బూడిదరంగులో ఉన్న ఒక పొరని వేలితో చూపించింది. "ఇది మాయ, బిడ్డకి ఆహారం అందించేది. కొందరికి వెనక వైపు ఉంటుంది, మీకు ముందు వైపు, పొట్ట వైపు గర్భసంచి గోడకి అతుక్కుని ఉంది. బిడ్డకీ మీకూ మధ్యన పరుపు వేసినట్టు. పైగా ఇప్పుడు చేతులూ కాళ్ళూ మీ వెన్ను వైపు పెట్టుకుని పడుకుంది బిడ్డ. తన్నినా ఆ పక్క తన్నుతోంది. అదిగో, ఇప్పుడు తన్నింది, చూశారా? మీకు తెలిసిందా?"

తెర మీద ఒక చిన్న పాదం చటుక్కున చాచుకుంది. కెజియా అడ్డంగా తల ఊపింది. నోరు తెరుచుకునే ఉంది. తన కడుపులో జరుగుతున్న దాన్ని తను తెర మీద చూసి తెలుసుకుంటోంది.

"అలాగని, మాయ ముందుందిలే అని ఊరుకోకూడదు," అని డాక్టరమ్మ వేలు చూపించి చెప్పింది. "కదలిక తగ్గిందనిపిస్తే ఈరోజులాగే వెంటనే రావాలి. ఎన్నిసార్లయినా రావాలి. ఈరోజే వెళ్ళి మీ డాక్టర్నీ ఒకసారి కలవండి."

నేను మాయ దగ్గరే ఆగిపోయాను. "అమ్మా, ఒకమాట. ఈ మాయ ముందుంటే, చెక్క బాకా పెట్టి వినేవాళ్ళకి గుండె చప్పుడు వినబడుతుందా?"

ఆమె ఆశ్చర్యంగా చూసింది. "ఆ బాకా మేము చదువుకునేటప్పుడు చూశాం తాతగారూ. మాయ ముందుంటే కష్టమేనండి. బిడ్డ వీపు తల్లి వెన్ను వైపు తిరిగి ఉన్నా కష్టమే. ఎంత అనుభవమున్నా ఒక్కోసారి దొరకదు."

మా అమ్మ సంగతీ, అత్త సంగతీ గబగబా చెప్పేశాను. పెంచకుండా చెప్పాను. బండి కథ కూడా చెప్పలేదు. "అంటే మా అత్త చెవి తప్పు కాదన్నమాట?" అని అడిగాను.

"చూడకుండా ఎలా చెప్తాను? అయ్యుండొచ్చండి," అంది.

బయటికొచ్చేసరికి చీడికాడ రైతు లేచి నిలబడి ఉన్నాడు, కాళ్ళు దగ్గరగా పెట్టుకుని. "ఏటమ్మా?" అన్నాడు. కెజియా, "బాగుంది బాబాయ్," అంది. ఆయన రెండు చేతులూ జోడించి పైకి చూసి, మరుక్షణం లోపలికి పరుగు తీశాడు. మేము రిపోర్టు కాగితం కోసం కూర్చున్న కాసేపట్లోనే మళ్ళీ వచ్చాడు, మొహం వెలిగిపోతోంది. "రాయుందట. సిన్నదే. తెల్లగా సుక్కలాగుంది, దాని యెనక నల్లగా నీడ పడింది, నా కళ్ళతో నాను సూసేను బాబూ. కత్తెట్టక్కర్నేదన్నాది," అని, బాత్రూము ఎటో కనుక్కుని అటు వెళ్ళిపోయాడు. ఆయన తర్వాత మెడలో కణితి అని ఒకావిడ స్కాను గదిలోకి వెళ్ళింది. ఆ గది తలుపు మూసుకుంటూ తెరుచుకుంటూ ఉంది, లోపల ఫ్యాను తిరుగుతూనే ఉంది, కింద బస్తాలు పడుతూనే ఉన్నాయి. ఎవరూ ఎవరినీ నోరు మూసుకోమనలేదు. అప్పట్లో ఒక్క గుండె చప్పుడు కోసం ఇంటిల్లిపాదీ ఊపిరి బిగబట్టి, అది దొరక్క రోజుల తరబడి ఆ ఊపిరి వదల్లేక బతికాం. ఇప్పుడు లారీ చప్పుళ్ళ మధ్యన, ఫోన్లు మోగుతుండగా, ఒక పిల్ల చేత్తో తెర తిప్పి ఇదిగో అంటుంది. ఆ రోజులే బాగుండేవి అని నా వయసువాళ్ళు అంటుంటారు, నేనూ చాలా అన్నాను. ఆ బెల్లం పాకం వాసన కావాలంటే మళ్ళీ పీల్చుకుంటాను. గోడ వైపు తిరిగి పడుకున్న మా అమ్మ వీపుని మాత్రం మళ్ళీ చూడలేను. కెజియాని అలా పడుకోనివ్వని ఈ రోజులకి నేను దండం పెడతాను.

కెజియా డాక్టర్నీ కలిసి ఇంటికి రాగానే వడ్డాదికి ఫోను చేశాను. రూతమ్మ ఎత్తింది. జరిగిందంతా చెప్పి, "ఒసే, నువ్వు పుట్టేటప్పుడు మాయ ముందు వైపు ఉంది. నీ గుండె చప్పుడు దాని వెనక ఉండిపోయింది. అత్త చెవి ఏమీ పోలేదు. డాక్టరమ్మ ఖాయంగా చెప్పేసింది," అన్నాను.

అవతల మోగుతున్న టీవీని రూతమ్మ కట్టేసింది.

"ఖాయమనిందా అన్నియ్యా?"

"... అయ్యుండొచ్చు అంది."

"అలగ సెప్పు." ముక్కు ఎగబీల్చిన చప్పుడు వినబడింది. "అయ్యుండొచ్చైనా సాలు. పాపం, సచ్చేదాకా నా సెవి పోయిందనే అనుకుంది. మరి అత్తకెవులు సెప్తారు ఇప్పుడు?"

"నేనున్నానుగా. వరసలో ముందు నాదే కదా టిక్కెట్టు. వెళ్ళగానే చెప్తాను."

"ఇప్పుడే ఎల్లిపోకు. ఆ గుంట బిడ్డని సూసి, ఎత్తుకుని, అప్పుడెల్లు," అంది రూతమ్మ. "ఎల్లినాక అక్కడ కూడా పెంచి సెప్పకు. పిచ్చిది, అన్నీ నమ్మీగలదు."

అయ్యుండొచ్చు అనే చెప్తానని మా చెల్లెలికి మాట ఇచ్చాను.